బ్యాచ్ ఫైళ్లకు బదులు ఏ షెల్ మంచిది?

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలతో పాటు కంప్యూటర్లూ నేనే చూస్తాను. వేబ్రిడ్జి మీద తూకం వేసిన ప్రతి లారీకి ఒక టెక్స్ట్ ఫైలు తయారవుతుంది. సాయంత్రం వాటిని తేదీల వారీగా ఫోల్డర్లలో సర్ది, మరో డిస్కుకు కాపీ చేయడానికి బ్యాచ్ ఫైలు (విండోస్ కమాండ్లు వరుసగా రాసిన ఫైలు) వాడుతున్నాం.

వరికోతలు మొదలైతే దాని అసలు రంగు బయటపడుతుంది. డేట్ వేరియబుల్ ఒక కంప్యూటర్‌లో రోజును ముందు చూపిస్తే, మరోదానిలో నెలను ముందు చూపిస్తుంది. మార్చి 11 లోడు నవంబరు 3 ఫోల్డర్‌లో తేలుతుంది! వేరియబుల్ విలువను నడిచేటప్పుడే తీసుకునే డిలేడ్ ఎక్స్‌పాన్షన్ పెడితే ఫైలు పేరులోని ఆశ్చర్యార్థకం మాయం. ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీ కమాండ్ అయితే పని సవ్యంగా ముగించి కూడా ఫలితం కోడ్‌గా 0కు బదులు 1 అని తిరిగి ఇస్తుంది. 8 కంటే తక్కువైతే వైఫల్యం కాదట. ఇదేం పద్ధతో!

కమాండ్లు నడిపే షెల్‌లలో పవర్‌షెల్ 5.1 విండోస్ 10తోనే వస్తుంది, తేదీల తంటా తీరుతుంది. కానీ డబుల్ క్లిక్ చేస్తే స్క్రిప్ట్ నడవదు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. కాటా దగ్గరి గుమాస్తాకు కమాండ్లు టైపు చేయడం రాదు. పైగా బామ్ (ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్‌ను తెలిపే గుర్తు) లేని యూటీఎఫ్-8 స్క్రిప్టులో తెలుగు సందేశాలు పిచ్చి గీతలవుతున్నాయి. టీసీసీ అనే మరో షెల్ పాత బ్యాచ్ ఫైళ్లనే నడుపుతుందని చదివాను. నుషెల్ అనే ఇంకో షెల్ ముచ్చటగా ఉంది కానీ, వెర్షన్ మారినప్పుడల్లా స్క్రిప్టులు తిరగరాయాలేమోనని జంకు.

కాటా కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు. కాపీ మధ్యలో తప్పితే అక్కడే ఆగి, తెలుగులో చెప్పాలి. ఇలాంటి చోట ఏది వాడుతున్నారు? పవర్‌షెల్ అయితే, డబుల్ క్లిక్‌తో నడిపించే పద్ధతి కూడా చెప్పగలరా?