334 అనేది మిర్చి రకమని ఏజెంట్‌కు ఎలా చెప్పాలి?

లాట్‌పుస్తకం:
గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి నిల్వల లెక్క చూసే సాఫ్ట్‌వేర్‌కు ఆరేళ్లుగా బ్యాకెండ్ రాస్తున్నాను. రైతులు, వ్యాపారులు మామూలు మాటల్లో అడిగితే జవాబు చెప్పే ఏఐ ఏజెంట్ ఇప్పుడు కావాలంటున్నారు. మా ఏపీఐ (ఇతర ప్రోగ్రాములు మా సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే దారి) వివరాలుండే ఓపెన్‌ఏపీఐ ఫైలులో ఉన్న 47 ఎండ్‌పాయింట్లనూ (ఒక్కో పనికి ఒక్కో పిలుపు) యథాతథంగా మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఏఐ మోడల్‌కు బయటి పనిముట్లను అందించే పద్ధతి) టూళ్లుగా మార్చి, 30 ప్రశ్నలు వేసి చూశాను. 17 మాత్రమే సరిగా వచ్చాయి.

ఒక తప్పు నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. "334 రకం నలభై టిక్కీలు విడుదల చేయాలి" అని అడిగితే, పరిమాణం గడిలో 334 వేసి రకం గడిని ఖాళీగా వదిలేసింది. మళ్లీ అడిగితే 40 వేసింది. కానీ మా ఏపీఐలో ఆ గడి క్వింటాళ్లలో ఉంటుంది. టిక్కీ అంటే సుమారు 40–45 కిలోల బస్తా. అంటే రైతు అడిగినదానికి రెట్టింపుకు మించి సరుకు గేటు దాటేది! అది పరీక్ష సర్వర్ కాబట్టి సరిపోయింది. ఆ గడికి నేను రాసిన వివరణ ఒకటే మాట: "పరిమాణం". క్వింటాళ్లని మా ఆఫీసులో అందరికీ తెలుసు, అందుకే ఎవరూ రాయలేదు.

వివరణలు ఎంత విపులంగా రాయాలి? రాశాక బాగుపడిందో లేదో ఎలా కొలవాలి?

నిదానం:
లాట్‌పుస్తకం గారూ, కొత్తగా చేరిన గుమాస్తాకు మొదటి రోజు ఏం చెబుతారో అదంతా రాయండి. గడి పేరులోనే కొలత పెట్టండి: "పరిమాణం_టిక్కీలు". క్వింటాళ్ల లెక్క మీ కోడ్ చూసుకోవాలి, మోడల్ కాదు. రకం గడిలో అనుమతించే విలువలన్నీ జాబితాగా ఇవ్వండి: తేజ, బాడిగ, 334, 341... పక్కనే "334, 341 రకాల పేర్లు, సంఖ్యలు కావు" అని ఒక్క వాక్యం చాలు.

దోష సందేశాలూ డాక్యుమెంటేషనే. ఉత్తి దోష కోడ్‌తో "400, చెల్లని విలువ" అంటే ఏజెంట్ మళ్లీ అదే పంపుతుంది. "రకం ఖాళీగా ఉంది, 334 రకం పేరైతే రకం గడిలో వేయండి" అంటే చాలావరకు తానే దిద్దుకుంటుంది.

47 టూళ్లు మాత్రం వద్దు. రైతు అడిగే ఒక ప్రశ్నకు మూడు టూళ్లు పిలవాల్సి వస్తుంటే ఆ మూడింటినీ ఒకటి చేయండి. విడుదల టూలుకు, అది సరుకు నిల్వను మారుస్తుందని తెలిపే సూచనను ఆ ప్రోటోకాల్‌లో జతచేయవచ్చు. కానీ అది సూచన మాత్రమే, తాళం కాదు. మనిషి ఒప్పుకోనిదే సర్వర్ విడుదల చేయకూడదు. ప్రతి అభ్యర్థనకూ ఒక ప్రత్యేక సంఖ్య పెట్టండి. నెట్ ఆగి ఏజెంట్ రెండోసారి పంపినా సరుకు ఒక్కసారే కదలాలి.

కొలబద్ద:
నాకు కొలత గురించే బెంగ. ఏజెంట్ "విడుదల చేశాను" అనగానే సరే అనుకోకండి, డేటాబేస్ తెరిచి లాట్‌లో ఎన్ని టిక్కీలు మిగిలాయో చూడండి. 2024లో వచ్చిన టౌ-బెంచ్ అనే ఏఐ ఏజెంట్ల పరీక్ష ఇదే పని చేస్తుంది: సంభాషణ ముగిశాక డేటాబేస్ ఉండవలసిన స్థితిలో ఉందో లేదో పోల్చుతుంది. ఒకే పనిని ఎనిమిదిసార్లు చేయించి, ఎనిమిదిసార్లూ నెగ్గిందా అని కూడా అడుగుతుంది. చిల్లర దుకాణం పనుల్లో అప్పటి జీపీటీ-4ఓకు ఆ లెక్కన 25 శాతం కూడా రాలేదు. మీ 17 కూడా ఒక్కసారి అడిగితే వచ్చినవే కదా? మళ్లీ అడగండి.

మరో మాట. ఆ 30 ప్రశ్నలనే చూస్తూ వివరణలు దిద్దితే, మీరు ఆ 30కే జవాబు రాసిపెట్టినట్టు. పదింటిని పక్కన దాచండి. టూలు పిలవకూడని ప్రశ్నలూ కలపండి: "రేపు తేజ ధర పెరుగుతుందా?"

లాట్‌పుస్తకం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు వారాలు పట్టింది. టూళ్లు 9కి తగ్గాయి. వివరణలు రాయడానికి యార్డులో పాతికేళ్లుగా పనిచేస్తున్న గుమాస్తా గారి పక్కన కూర్చున్నాను. "తాలు కాయను (రంగు పోయిన నాసి మిర్చిని) వేరే లాట్‌గా రాస్తాం, అది మీ కంప్యూటర్‌లో ఎక్కడుంది?" అని ఆయన అడిగేదాకా తాలుకు సంబంధించిన గడి అర్థం ఎక్కడా రాసి లేదని నాకు తట్టనే లేదు.

దాచిన పది ప్రశ్నలను ఒక్కొక్కటి ఐదుసార్లు అడిగాను. ఐదుసార్లూ సరిగా వచ్చినవి 7. 334 తిప్పలు తీరాయి. మిగిలిన మూడింటిలో రెండు ఒకే తరహావి: ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు రైతుల్లో ఎవరని అడగకుండా ఏజెంట్ మొదటివారిని ఎంచుకుంటోంది.

నిదానం:
వెతికే టూలు ఇద్దరినీ ఊరి పేరుతో సహా తిరిగి ఇస్తోందా, లేక మొదటి వరుసే ఇస్తోందా? ముందు అది చూడండి.

లాట్‌పుస్తకం:
చూశాను. మొదటి వరుసే ఇస్తోంది. 2019లో నేను రాసిన క్వెరీ అది. ఈ రాత్రికే మారుస్తున్నాను.