సమస్య (ఇదే చివరి పాదంగా ఆటవెలది పద్యం పూరించాలి): విత్తు చచ్చె నంచు వేడ్క చేసె

నిర్వాహకుడు: పోయిన ఆదివారం మెదక్ చర్చికి వెళ్ళాను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేసిన గుడి, కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొర జనానికి పని చూపించి తిండి పెట్టి కట్టించినది. బయట అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన మనవడితో "ఇత్తు సావాలెరా, అప్పుడే పండుగ" అన్నాడు. హైదరాబాద్ చేరేవరకూ ఆ మాట వదల్లేదు. ఈస్టరుకు ముందు మనసును సిద్ధపరచుకునే శ్రమదినాలు నడుస్తున్నాయి కనుక పూరణలో సేద్యం ఉండాలి, సిద్ధపాటూ ఉండాలి. గింజ చచ్చి బతికిందని అందరూ అదే రాస్తే మాత్రం నేను నిద్రపోతాను.

కుషాయిగూడ కలం: నిద్రపుచ్చే పని నాతోనే మొదలు.

మట్టిలోన గింజ మడిసి నూఱై వచ్చు
ననుచు క్రీస్తు చెప్పె నాప్తులకును
గుట్టు తెలిసి రైతు గుండె నింపుకొనుచు
విత్తు చచ్చె నంచు వేడ్క చేసె

మౌలాలి మాస్టారు: ధార బాగుంది. కాని "ననుచు క్రీస్తు" దగ్గర 'చు' గురువైపోలేదా?

తార్నాక తుమ్మెద: అవదు మాస్టారూ. రెండూ వేరు వేరు పదాలు, సమాసం కాదు. సంయుక్తాక్షరం కనబడితే చాలు, ముందున్నదాన్ని పట్టి గురువును చేసేస్తారు మీరు. నా అభ్యంతరం అక్కడ కాదు. యోహాను 12:24లో "విస్తారముగా" ఫలిస్తుందని ఉంది, నూరు లేదు. నూరంతలు మత్తయి 13లోని విత్తువాడి ఉపమానంలోది. కలం గారు రెండు పొలాల పంట ఒకే కళ్ళంలో పోశారు.

కుషాయిగూడ కలం: పోశాను. రెండు పొలాలూ ఒక్క ఆసామివే కదా.

నిర్వాహకుడు: ఈ జవాబుకే సగం మార్కులు ఇచ్చేస్తున్నాను.

మౌలాలి మాస్టారు: నేను శ్రమదినాల నుంచి కాస్త వెనక్కి, క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలానికి వెళ్ళాను. వరికోతల రోజులు, బాప్తిస్మమిచ్చు యోహాను చేట గురించి చదువుకునే రోజులు.

తాలు గాలిలోన తరలిపోవగ జూచి
గట్టి గింజలు మిగిలె గాదె నిండ
ఆగమనపు వేళ నంతరంగము నూడ్చి
విత్తు చచ్చె నంచు వేడ్క చేసె

తార్నాక తుమ్మెద: మాస్టారూ, రెండో పాదం ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టండి. గింజ మీద ఒక 'లు' ఎక్కువ పడింది. మొదటి పాదంలో తూర్పారబట్టినప్పుడు తాలులోని 'లు' గాలికి ఎగిరొచ్చి గింజ మీద వాలినట్టుంది.

కుషాయిగూడ కలం: 😄 దీనికి మిగతా సగం మార్కులు.

నిర్వాహకుడు: 'లు' సంగతి మాస్టారు చూసుకుంటారు. నాకు అసలు చిక్కు నాలుగో పాదంలో ఉంది. తాలు అంటేనే లోపల ఏమీ లేని పొట్టు. ప్రాణమే లేనిది చావడమేమిటి?

మౌలాలి మాస్టారు: భావం పట్టుకోరు, లఘువులు పట్టుకుంటారు. సరే, తుమ్మెద గారు తమ పద్యం వదిలితే మేమూ లెక్కపెడతాం.

తార్నాక తుమ్మెద: వదులుతున్నాను. నర్సాపూర్ దారిలో పత్తికట్టె పీకేసిన చెలకలు చూశారా? ఎండ ముదిరే వేళకి లోతుగా దున్ని వదిలేస్తారు. కింద దాగిన పురుగుల గూళ్ళు, కలుపు వేళ్ళు, గింజలు పైకొచ్చి ఎండకి మాడతాయి. ట్రాక్టరు వెనకాలే తెల్లకొంగలు, బువ్వ వేళకి పిలిచినట్టు వచ్చి వాలతాయి. చావాల్సిన విత్తు గోధుమదే ఎందుకవ్వాలి?

శ్రమల దినములందు చాలు దున్నుచు లోని
యెఱ్ఱమన్ను పైకి నెత్తి కాపు
కలుషమనెడు కలుపు కాలిపోవగ జూచి
విత్తు చచ్చె నంచు వేడ్క చేసె

నిర్వాహకుడు: నిద్ర పోయింది! ఇప్పటిదాకా మన బుర్రల్లో ఒక్కటే విత్తు ఉంది, మంచి విత్తు. ఈయన దాన్ని తిప్పి కలుపు విత్తు చేశాడు. భస్మ బుధవారం నుంచి, ఆదివారాలు తీసేసి లెక్కపెట్టుకునే 40 రోజులు వేసవి దుక్కిలో సరిగ్గా ఒదిగాయి. విత్తడానికి ఇంకా టైముంది, ముందు మన్ను తిరగబడాలి.

మౌలాలి మాస్టారు: "యె"కి "నె" యతా?

తార్నాక తుమ్మెద: యడాగమం తీస్తే ఎ, ద్రుతం తీస్తే ఎ. ఇంకేమైనా?

మౌలాలి మాస్టారు: ఉంది. క్రీస్తు నడిచిన దేశంలో ఈ కాలానికి దుక్కి లేదు. అక్కడ తొలకరి అక్టోబరు, నవంబరుల్లో పడుతుంది, దున్నడం విత్తడం అప్పుడే. పస్కా నాటికి యవలు కోతకొచ్చి మొదటి పన దేవుడి ముందుకు వెళ్తుంది. మన మృగశిర తొలకరిని, యాకోబు పత్రికలో ఉన్న తొలకరిని ఒకే వాన అనుకుంటే ఎలా?

కుషాయిగూడ కలం: పాయింటే. నేను చిన్నప్పటినుంచి జూన్ వాననే ఊహించుకుంటూ ఆ వాక్యం చదివాను.

తార్నాక తుమ్మెద: నా కాపు యూదయలో దున్నడం లేదు మాస్టారూ, ఎర్రమన్ను అని రాశాను. అయినా పోయిన క్రిస్మస్‌కి పశువుల పాకని కందంలోకి తోలి, ప్రాస తప్పిపోతే "పశువులు కదా, దారి తప్పుతాయి" అన్నవారు భూగోళం పాఠం చెబుతున్నారు.

మౌలాలి మాస్టారు: ఆ కందం సంగతి ఇక్కడ ఎందుకు?

నిర్వాహకుడు: ఇద్దరూ ఆగండి, కొత్తవాళ్ళు ఎవరో వచ్చారు.

అల్వాల్ మనవరాలు: నాకు ఆటవెలది కొత్త. తప్పులుంటే చెప్పండి.

నానబోసి వడ్లు నాడు మండెను గట్ట
వేడి పుట్టె గోనె వెన్ను దాక
మూడునాళ్ళ కంత మొలక జూచిన యవ్వ
విత్తు చచ్చె నంచు వేడ్క చేసె

కుషాయిగూడ కలం: గణాలు, యతులు అన్నీ కుదిరాయి. "వెన్ను" మీద రెండు గింజలు ఎక్కువే వేశారు, గోనె వీపూ అదే, వరి కంకీ అదే. కాని మొలక చూసి చచ్చింది అంటుందా ఎవరైనా? రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు వింటే నవ్వుతారు. వంద వడ్లకి 80 మొలిస్తేనే అది విత్తనం. చచ్చిన గింజ మొలవదు.

అల్వాల్ మనవరాలు: మా అవ్వ నిజంగానే అనేదండి. 24 గంటలు నానబోసి, నీళ్ళు వడకట్టి, గోనెసంచిలో కట్టి మీద గడ్డి కప్పేది. మధ్యమధ్య సంచి లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసేది. సెగ ఎక్కువైతే నీళ్ళు చిలకరించేది. చలికాలం అయితే ఇంకో పూట ఆగేది. తెల్లటి ముక్కు కనబడగానే "ఇగ ఇవి వడ్లు గావు, సచ్చినయి. దంచితే బియ్యం రావు, అమ్మితే ఎవడు కొనడు. మడికి పోవాల్సిందే" అనేది. ఆ రోజు ఇంట్లో బెల్లం పరమాన్నం.

నిర్వాహకుడు: పద్యం కన్నా వచనం బాగుంది అనను, రెండూ బాగున్నాయి. కాని తల్లీ, సమస్యలో సిద్ధపాటు అడిగాను. ఇందులో క్రీస్తు ఏడి?

మౌలాలి మాస్టారు: మూడో పాదం మళ్ళీ చదవండి.

నిర్వాహకుడు: చదివాను.

మౌలాలి మాస్టారు: ఎన్నో నాడు?

కుషాయిగూడ కలం: అయ్యబాబోయ్. క్రీస్తు సమాధి నుంచి లేచిన మూడో నాడు! గోనె కట్టింది, మీద కప్పింది, తెరిచి చూసింది ఆడమనిషి.

తార్నాక తుమ్మెద: నా కలుపు పద్యం వెనక్కి తీసుకుంటున్నాను.

నిర్వాహకుడు: తీసుకోవద్దు. దుక్కి లేకుండా ఆ మొలకలు చల్లేదెక్కడ? అమ్మాయ్, అది కావాలనే పెట్టావా?

అల్వాల్ మనవరాలు: లేదండీ. మూడో రోజే మొలక వచ్చేది, అందుకని రాశాను.

మౌలాలి మాస్టారు: అన్నట్టు, నా రెండో పాదం "గట్టి గింజ మిగిలె గాదె నిండ" అని సరిచేసుకోగలరు. 'లు' తీసేశాను. క్రిస్మస్ కందం మాత్రం అలాగే ఉంటుంది.

తార్నాక తుమ్మెద: ఉండనివ్వండి మాస్టారూ. వెనకాల వచ్చే కొంగలకీ ఏదో ఒకటి దొరకాలి.