జంటగా వచ్చే గువ్వల్లో నాలుగు రోజులుగా ఒక్కటే వస్తోంది, రెండోది ఏమైనట్టు?

పెరటిచూపు:
అందరికీ నమస్కారం. మా పెరట్లోకి రెండు గువ్వలు చాలా రోజులుగా వస్తున్నాయి. మెడ వెనక నల్లటి పట్టీ మీద తెల్ల చుక్కలు జల్లినట్టు ఉంటాయే, అవి. గోడ మీద పక్కపక్కనే ఆనుకుని కూర్చుంటాయి, ఒకటి మెడ వంచి ఇస్తే రెండోది దాని చెంప దగ్గరి ఈకలు ముక్కుతో ఒక్కొక్కటే సర్దుతుంది, అంతసేపూ మొదటిది కళ్లు మూసుకునే ఉంటుంది. ఆ ఒక్క ఫోటో కోసం రెండు వారాలుగా తిప్పలు పడుతున్నాను. తలుపు తీస్తే చాలు, టపటపమని లేచిపోతాయి. కిటికీలోంచి తీస్తే ఒకదాని కన్ను స్పష్టంగా వస్తుంది, రెండోది మసకగా పడుతుంది.

కానీ ఇప్పుడు నా దిగులు ఫోటో గురించి కాదు. నాలుగు రోజులుగా ఒక్కటే వస్తోంది. గింజలు గబగబా ఏరుకుని, నీళ్లు తాగి వెళ్లిపోతోంది, గోడ మీద కూర్చోవడమే లేదు. రెండోదాన్ని పిల్లి పట్టుకుందేమోనని పెరడంతా వెతికాను, ఈకలు రాలిన జాడ లేదు. జంట విడిపోయిందంటారా?

రెక్కలచప్పుడు:
కంగారు పడకండి, నాకు ఇది గూడు పెట్టిన లక్షణంలా ఉంది. దానికి ముందు ఏదైనా పక్షి సన్న పుల్ల ముక్కున కరుచుకుని ఒకే వైపు ఎగరడం చూశారా? మగది ఒక్కో పుల్లా తెచ్చిస్తుంటే ఆడది కూర్చుని పేర్చుకుంటుంది. గువ్వ గూడు చాలా పల్చన, ఒక్కోసారి కింద నుంచి చూస్తే గుడ్లు కనిపించేంత. మామూలుగా రెండు తెల్ల గుడ్లు పెడుతుంది.

పొదగడం రెండూ పంచుకుంటాయి. సాధారణంగా పొద్దెక్కాక మగది కూర్చుని సాయంత్రం దాకా ఉంటుంది, మిగతా సమయమంతా, రాత్రితో సహా, ఆడదే. అందుకే మీకు ఒక్కసారి ఒక్కటే కనిపిస్తోంది. నాలుగు రోజులుగా వస్తున్నది ఒకే పక్షి అని మీరు అనుకుంటున్నారు, అది రెండు పక్షులు వంతులేసుకుని రావడం కావచ్చు. ఏ టైముకి వస్తోందో రాసి పెట్టుకోండి. పాత ఫోటోలు పెద్దవి చేసి మెడ చుక్కలు, తోక ఈకలు పోల్చి చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. రంగులో ఆడా మగా ఒకేలా ఉంటాయి కాబట్టి ఇలాంటి గుర్తులే దిక్కు.

మబ్బువెలుగు:
ఫోటో సంగతి నేను చెబుతాను. రెండు కళ్లూ స్పష్టంగా రావాలంటే రెండు తలలూ మీకు సమాన దూరంలో ఉండాలి, అంటే మీ కిటికీ గోడకు ఏటవాలుగా కాకుండా ఎదురుగా ఉండాలి. అలా కుదరకపోతే ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 8 దాకా తగ్గించండి, ముందూ వెనకా ఉన్నవి రెండూ స్పష్టంగా వస్తాయి. గదిలో లైట్లు ఆర్పేసి, లెన్స్‌ని అద్దానికి దాదాపు ఆనించి పెట్టండి, మీ నీడ కనిపించదు, అద్దం మీద మెరుపూ పడదు. కూర్చున్న పక్షికి షట్టర్ సెకనులో 1/250 వంతు తెరుచుకుంటే చాలు, కానీ ఈకలు సర్దేటప్పుడు తల చాలా చురుగ్గా కదులుతుంది, 1/500 కన్నా తగ్గొద్దు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ లేత గులాబీ రొమ్ము తెల్లగా పాలిపోతుంది, మబ్బు పట్టిన పూట అదే ఎంత మెత్తగా వస్తుందో చూడండి.

ఇంకొకటి, మగది నిట్టనిలువుగా పైకి లేచి రెక్కలు చప్పుడు చేసి, తోక విసనకర్రలా పరిచి వాలుగా జారుతూ దిగుతుంది. దానికి 1/2000 పెట్టి, వరసగా ఫోటోలు తీసే బర్స్ట్ మోడ్‌లో సిద్ధంగా ఉండండి. గూడు దొరికితే మాత్రం దూరం నుంచి జూమ్ చేసి ఒకటి రెండు తీసుకోవచ్చు.

కొమ్మచాటు:
ఆ చివరి మాట దగ్గర నేను ఒప్పుకోను. గుడ్ల మీద ఉన్నప్పుడు గూడు వైపు అసలు వెళ్లకపోవడమే మంచిది. మీరు రోజూ ఒకే పొద దగ్గర నిలబడితే కాకులు అది గమనిస్తాయి. పక్షి బెదిరి లేచిందంటే గుడ్లు బయటపడతాయి, ఆ పల్చటి గూట్లోంచి దొర్లిపోయినా ఆశ్చర్యం లేదు. అడ్డొచ్చిందని ఆకు కూడా తుంచొద్దు, ఆ ఆకే వాటికి పైకప్పు. ఫ్లాష్ వద్దు.

నీళ్ల పళ్లెం రోజూ కడిగి నీళ్లు మార్చండి. గువ్వలకు గొంతులో పుళ్లు పడే ఒక జబ్బు నీళ్ల ద్వారా ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతుంది. నీళ్లు తాగేటప్పుడు గమనించారా, మిగతా పక్షుల్లా ప్రతి గుటకకీ తల పైకెత్తవు, ముక్కు ముంచి పీల్చుకుంటాయి. అది తీరిగ్గా జరుగుతుంది కాబట్టి ఫోటోకి మంచి సందర్భం కూడా.

పెరటిచూపు:
ఆరు రోజుల తర్వాత వచ్చాను. పాత ఫోటోలు చూస్తే ఒకదాని తోక ఎడమ అంచున ఈక సగానికి విరిగి ఉంది. మెడ ఉబ్బించి, వంగి వంగి లేస్తూ, కూస్తూ రెండోదాని వెంట నడిచేది ఆ విరిగిన ఈకదే, కాబట్టి అదే మగది. రాసి పెట్టుకున్న టైములు చూస్తే అది పొద్దున్నే, మళ్లీ బాగా సాయంత్రమే వస్తోంది. మధ్యాహ్నం వచ్చేది తోక నిండుగా ఉన్నది. రెండూ ఉన్నాయండీ! ఎంత ఊరటగా ఉందో చెప్పలేను.

ఈ రోజు పదింటికి మగది మల్లె పందిరి లోపలికి దూరింది, కాసేపటికి ఆడది అవతలి వైపు నుంచి బయటికొచ్చి రెక్క ఒకటి, కాలు ఒకటి బారచాచి ఒళ్లు విరుచుకుంది. పందిరి వైపు వెళ్లడం మానేశాను, బట్టలు ఆరేసే తాడు కూడా ఇటు మార్చాను. పిల్లలు బయటికి రావడానికి ఎన్ని రోజులు పడుతుంది?

రెక్కలచప్పుడు:
గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు గూడు వదలడానికి సుమారు ఇంకో రెండు వారాలు. మొదట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ మెడ కింది సంచిలో తయారయ్యే పాలలాంటి పదార్థమే పడతారు, పిల్ల తన ముక్కును పెద్దదాని నోట్లో పెట్టి తాగుతుంది. పిల్లలు దిగాక మెడ మీద చుక్కలు లేకపోతే వేరే రకమనుకోకండి, అవి తర్వాత వస్తాయి.