ఎక్సోసోముల్లో క్యాన్సర్ మందు: ఇంకా నమ్మొచ్చా, వదిలేద్దామా?

నానోబుడగ:
హ్యూస్టన్‌ ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో రఘు కల్లూరి గారి బృందం 2017లో నేచర్‌లో వేసిన పేపర్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫైబ్రోబ్లాస్ట్ కణాలు బయటికి వదిలిన ఎక్సోసోముల్లో, అంటే అతి చిన్న బుడగల్లో, ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏ (ఎంచుకున్న జన్యువు నోరు నొక్కే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క) నింపి, పాంక్రియాస్ క్యాన్సర్ ఉన్న ఎలుకలకి ఎక్కించారు. గురి కేరాస్ అనే క్యాన్సర్ జన్యువులోని జీ12డీ మ్యుటేషన్. గడ్డల పెరుగుదల తగ్గింది, ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి. ఆయన సహ వ్యవస్థాపకుడిగా ఉన్న కోడియాక్ కంపెనీ 2020లో నాస్‌డాక్‌కి ఎక్కింది, 2023 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. సూటిగా అడుగుతున్నా. ఈ బుడగలతో మందు మోయించే పని మీద ఇంకా డబ్బు పోయడం అవసరమా? మందు మోయడానికి ల్యాబులో చేసే కొవ్వు కణికలు, అదే లిపిడ్ నానోపార్టికల్స్ (ఎల్‌ఎన్‌పీలు) ఉన్నాయి కదా. నా ఓటు వాటికే.

సెంట్రిఫ్యూజ్ మాస్టారు:
నా ఓటూ అటే, కాకపోతే కారణం వేరు. కంపెనీ మునగడం నాకు పెద్ద విషయం కాదు. బెంచి మీద జరిగేది చెప్తా. కణాలు పెంచిన ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తక్కువ వేగంతో మొదలుపెట్టి లక్ష జీ (భూమి ఆకర్షణకి లక్ష రెట్లు) దాకా తిప్పుతాం. చివరికి ట్యూబు అడుగున కంటికి ఆనీ ఆనని మరక ఒకటి మిగులుతుంది. అందులో ఉన్నవన్నీ ఎక్సోసోములేనని ఒట్టేసి చెప్పే మొనగాడు లేడు. సీరంలోంచి వచ్చిన లైపోప్రోటీన్లు, ప్రోటీన్ ముద్దలు కూడా అక్కడికే దిగుతాయి. అందుకే ఈ రంగం వాళ్ల మార్గదర్శకాలు, 2018వీ 2023వీ, కణం లోపల ఎక్కడ పుట్టిందో రుజువు కాకపోతే ఎక్సోసోమ్ అనొద్దు, ఈవీ (కణం వదిలిన బుడగ ఏదైనా సరే) అనండి అంటాయి.

ఇక నింపడం. కరెంటు షాకుతో ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏని లోపలికి తోస్తాం కదా. ఎలక్ట్రోడ్‌ లోంచి ఊడే లోహ అయాన్లతో కలిసి అదే ముద్ద కడుతుందని యూట్రెక్ట్ వాళ్లు 2013లోనే చూపించారు. ఆ ముద్దలూ బుడగలతో పాటే అడుక్కి చేరతాయి. మనం "లోడింగ్ భలే వచ్చింది" అని సంబరపడతాం.

పోస్ట్‌డాక్ పాట్లు:
మాస్టారూ, ఎలక్ట్రోపొరేషన్ (ఆ కరెంటు షాకు) గొడవ నిజమే, కాదనను. కానీ 2017 పేపర్‌లో అదే ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏని లైపోసోముల్లో (కృత్రిమ కొవ్వు బుడగల్లో) పెట్టి పక్కపక్కన పోల్చారు, ఎక్సోసోములే నెగ్గాయి. ముద్దలే పని చేశాయంటే లైపోసోముల మీద గెలుపు ఎలా వచ్చిందో చెప్పండి. సీడీ47 సంగతి కూడా మర్చిపోకండి. "నన్ను తినొద్దు" అని మాక్రోఫేజ్‌లకి (పరాయివాటిని మింగే రక్షక కణాలకి) చెప్పే ప్రోటీన్ అది, బుడగ పైపొర మీదే ఉంటుంది. అది లేని ఎక్సోసోములు రక్తంలోంచి త్వరగా మాయమయ్యాయి.

నానోబుడగ గారూ, ఎల్‌ఎన్‌పీలు మాత్రం ఎక్కడికి పోతున్నాయండీ? రక్తంలోకి వెళ్లగానే ఏపోఈ అనే రక్తంలోని ప్రోటీన్ అతుక్కుంటుంది, అక్కణ్నుంచి తిన్నగా లివర్‌కే. 2018లో అనుమతి వచ్చిన ఎల్‌ఎన్‌పీ మందు పటిసిరాన్ లివర్‌లో పనిచేసేది కావడం యాదృచ్ఛికం కాదు. పాంక్రియాస్‌కి ఏం చేద్దామంటారు?

నానోబుడగ:
మీ ఈవీలు మాత్రం పాంక్రియాస్‌కి టికెట్ కొనుక్కుని పోతాయా? నరంలోకి ఎక్కిస్తే వాటిలోనూ ఎక్కువ భాగం లివర్, స్ప్లీన్, ఊపిరితిత్తులే పట్టేసుకుంటాయి. పైగా ఇప్పుడు జీ12డీని నేరుగా పట్టుకునే చిన్న అణువులు ట్రయల్స్‌లోకి వచ్చేశాయి. కేరాస్‌లోనే ఇంకో మ్యుటేషన్ జీ12సీకి సొటోరాసిబ్ మాత్ర 2021లోనే వచ్చింది. మాత్ర మింగితే అయ్యే పనికి ఇంత హంగామా ఎందుకు?

పోస్ట్‌డాక్ పాట్లు:
మాత్ర కొన్ని నెలలు పనిచేసి, తర్వాత గడ్డ దారి మార్చుకుంటుంది. సొటోరాసిబ్‌తో చూశాం కదా. మందు మోసే బండి ఒకటి కుదిరితే లోపలి ఆర్‌ఎన్‌ఏ వరుస మార్చి ఇంకో మ్యుటేషన్‌కి గురిపెట్టొచ్చు, అసలు లాభం అదీ. ఎండీ ఆండర్సన్‌లో మీసెంకైమల్ మూలకణాల ఎక్సోసోములతో మనుషుల మీద ఫేజ్ 1 ట్రయల్ మొదలుపెట్టింది అందుకే. ఫేజ్ 1 అంటే ముందు భద్రత చూడటం, అందులో అద్భుతాలు వెతక్కండి.

కొత్తసభ్యురాలు:
అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. మా బాబాయికి పాంక్రియాస్ క్యాన్సర్. ఒక క్లినిక్ వాళ్లు ఎక్సోసోమ్ ఇంజెక్షన్ ఇస్తాం, "ఇది అమెరికా టెక్నాలజీ" అంటున్నారు. జుట్టుకీ మోకాళ్లకీ కూడా అదే వయల్ అట. తీసుకోవచ్చాండీ?

సెంట్రిఫ్యూజ్ మాస్టారు:
వద్దమ్మా. అమెరికాలో ఎఫ్‌డీఏ ఇంతవరకు ఒక్క ఎక్సోసోమ్ ఉత్పత్తికీ అనుమతివ్వలేదు. నెబ్రాస్కాలో కొందరు రోగులకు తీవ్రంగా వికటించాక 2019 డిసెంబరులో హెచ్చరిక కూడా జారీ చేసింది. పైన మేం కొట్టుకుంటున్నది జన్యువుని గురిపెట్టి నింపిన బుడగల గురించి. ఆ వయల్‌లో ఏముందో అమ్మేవాడికే తెలియకపోవచ్చు. క్యాన్సర్ ఉన్నవాళ్లకి ఇంకో భయమూ ఉంది. గడ్డ వదిలే ఎక్సోసోములే వేరే అవయవంలో ముందుగా చోటు సిద్ధం చేసి వ్యాధి పాకడానికి సాయపడతాయని డేవిడ్ లైడెన్ బృందం 2015లో ఎలుకల్లో చూపించింది. ఏ కణం బుడగ ఏం చేస్తుందో తెలియకుండా ఎక్కించుకోవద్దు. ఆంకాలజిస్టునే అడగండి, సీటీఆర్‌ఐ (మన దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) వెబ్‌సైట్‌లో నమోదైన ట్రయల్స్ ఏమైనా ఉన్నాయేమో చూపించమనండి. నమోదైన ట్రయల్‌లో మందుకి డబ్బు అడిగితే అనుమానించండి.

పోస్ట్‌డాక్ పాట్లు:
ఈ ఒక్క విషయంలో మాస్టారితో నాకు గొడవే లేదు. ఆ క్లినిక్‌కి వెళ్లకండి అక్కా.

నానోబుడగ:
సరే, మళ్లీ అసలు విషయం. ఒకే ఎస్‌ఐ ఆర్‌ఎన్‌ఏ, ఒకే మోతాదు, ఒక పక్క ఈవీ, ఇంకో పక్క ఇప్పటి తరం ఎల్‌ఎన్‌పీ. 2017 నాటి లైపోసోమ్‌తో పోలిక చెల్లదు. గడ్డలోకి ఎంత చేరిందో కొలిచి ఈవీ గెలిచిందని రెండు వేర్వేరు ల్యాబులు చూపిస్తే నా ఓటు మారుస్తా.

సెంట్రిఫ్యూజ్ మాస్టారు:
మోతాదు దేంతో కొలుస్తావయ్యా? కణికల సంఖ్యా, ప్రోటీన్ మైక్రోగ్రాములా, లోపలి ఆర్‌ఎన్‌ఏనా? ఒక్కో దానికి ఒక్కో విజేత వస్తాడు. ముందు మీరిద్దరూ ఆ ముక్క తేల్చండి.