బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్‌కి విడిగా స్పీడ్ కంట్రోలర్ అవసరమా?

సూదిమొన:
నాది ఏసీ సింక్రనస్ మోటారుతో నడిచే బెల్ట్ డ్రైవ్ రికార్డ్ ప్లేయర్, అంటే మోటారు పుల్లీ బెల్టుతో ప్లాటర్‌ని (రికార్డు పెట్టే పళ్ళెం) తిప్పేది. నిమిషానికి 33⅓ చుట్ల నుంచి 45కి మారాలంటే ప్రతిసారీ ప్లాటర్ ఎత్తి, బెల్టును పుల్లీ పెద్ద మెట్టు మీదికి వేయాలి. పైగా రెండు మూడు పియానో రికార్డుల్లో సాగే స్వరాలు ఊగుతున్నట్టు వినిపిస్తున్నాయి. కంట్రోలర్ కొంటే రెండూ తీరతాయని ఒక మిత్రుడు, డబ్బు దండగని ఇంకొకరు. మీరేమంటారు?

నల్లరికార్డు:
కొనండి. ఈ మోటారు వేగాన్ని నడిపేది ఓల్టేజీ కాదు, కరెంటు ఫ్రీక్వెన్సీ. సాకెట్లో వచ్చే 50 హెర్ట్జ్ కాస్త జరిగితే మోటారూ జరుగుతుంది. కంట్రోలర్ క్వార్ట్జ్ ఆధారంగా తనే సైన్ వేవ్ తయారుచేసి ఇస్తుంది. 45 కావాలంటే బటన్ నొక్కితే చాలు, 67.5 హెర్ట్జ్ పంపుతుంది, బెల్టు ముట్టుకోనక్కర్లేదు. 60 హెర్ట్జ్ పుల్లీ ఉన్న ప్లేయర్ 50 హెర్ట్జ్ మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది కదా, పుల్లీ దొరకనివాళ్ళకు ఇదే దారి. నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. తిరగడం మొదలయ్యాక ఓల్టేజీ తగ్గిస్తే, మోటారు మీద వేలు పెట్టినప్పుడు తగిలే జుమ్మనే అదురు బాగా తగ్గిపోయింది.

పుల్లీ33:
అదురు సంగతి ఒప్పుకుంటాను. ఊపు సంగతి మాత్రం ఒప్పుకోను. ఫ్రీక్వెన్సీ 0.05 హెర్ట్జ్ జరిగినా వేగంలో తేడా 0.1 శాతమే, అంటే సెమిటోన్‌లో (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య తేడా) అరవయ్యో వంతు. అదీ నిదానంగా జరిగేది, ఊపులా వినిపించదు. సూదిమొన గారూ, మీ రికార్డు 1.8 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. ఊపు కూడా సరిగ్గా అంతకొకసారి వస్తుంటే ముందు రికార్డు నడిమి రంధ్రాన్ని అనుమానించండి. ఆ వైపు గాళ్ళ కేంద్రానికి అది అర మిల్లీమీటరు పక్కకు ఉన్నా, మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర వేగం 0.5 శాతం పైకీ కిందికీ పోతుంది. కంట్రోలర్ దాన్నేం చేయలేదు. రికార్డు తిరుగుతుండగా టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చేయి) అటూ ఇటూ కదులుతోందేమో పైనుంచి చూడండి.

ఇంకో మాట, ఇది నేను పడ్డ ఇబ్బంది. నా ప్లేయర్ నెమ్మదిగా ఉందని కంట్రోలర్‌ని 50.4కి పెంచి ఊరుకున్నాను. రెండు నెలలకు మళ్ళీ నెమ్మదించింది. తీరా చూస్తే బెల్టు సాగి జారుతోంది, పుల్లీ మీద నల్లటి పొర. బెల్టు మార్చి, పుల్లీని ఆల్కహాల్‌తో తుడిస్తే 50 దగ్గరే సరిపోయింది. కంట్రోలర్ లేకపోతే ఆ జబ్బు మొదటిరోజే బయటపడేది.

నల్లరికార్డు:
బెల్టు విషయంలో మీదే నిజం, ముందు అదే చూడాలి. కానీ స్ట్రోబ్ డిస్కుతో (కరెంటు దీపం వెలుగులో వేగం సరిగ్గా ఉంటే గీతలు నిలబడినట్టు కనిపించే డిస్కు) చూశాం, గీతలు కదలట్లేదు, కంట్రోలర్ ఎందుకు అనేవాళ్ళకు ఒకటి చెప్పాలి. ఆ దీపమూ మోటారూ ఒకే కరెంటు మీద ఉంటే, ఫ్రీక్వెన్సీ జరిగినప్పుడు రెండూ కలిసే జరుగుతాయి. గీతలు నిలబడే కనిపిస్తాయి, శ్రుతి మాత్రం తప్పుతుంది. 3150 హెర్ట్జ్ టోన్ ఉన్న టెస్ట్ రికార్డు పెట్టి కొలవండి. ఇంకెవరైనా ఇది చదివి కొనబోతుంటే, మీ మోటారు డీసీదైతే ఈ రకం కంట్రోలర్ దానికి తగిలించకండి. అక్కడ వేగం ఓల్టేజీని బట్టి ఉంటుంది, లెక్కే వేరు.

సూదిమొన:
ఇద్దరికీ థాంక్స్ అండి. నిన్న రాత్రి కూర్చుని కొలిచాను. సగటు 3148, అంటే వేగం దాదాపు సరిగ్గానే ఉంది. తర్వాత ఊగే పియానో రికార్డు పెట్టి పైనుంచి చూశాను. చుట్టుకొకసారి టోన్‌ఆర్మ్ స్పిండిల్ (నడిమి కడ్డీ) వైపు జరిగి వెనక్కి వస్తోంది, స్వరం కూడా దాంతోపాటే వంగుతోంది. అదే రికార్డు రెండో వైపు తిప్పితే ఆర్మ్ కదలట్లేదు, స్వరం నిలకడగా ఉంది.

కాబట్టి ఊపు కోసం కొనను. నా దగ్గర 45లు చాలా ఉన్నాయి, ప్రతి పాటకీ ప్లాటర్ ఎత్తడం కష్టంగానే ఉంది. కొంటే వాటి కోసమే కొంటాను, అదీ కొత్త బెల్టు వేశాకే.