శాఖ వార్షిక లక్ష్యాల పట్టికలో ఏ అంకె రాయాలి?

హనుమకొండ అధ్యాపకుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఉత్తర తెలంగాణలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రాలకు చెందిన ఒక శాఖలో పనిచేస్తున్నాను. ఈ ఏడాది మా శాఖ తరఫున ఐక్యూఏసీ (విశ్వవిద్యాలయ అంతర్గత నాణ్యత హామీ విభాగం) పని చూసే బాధ్యత నాకు అప్పగించారు. రాబోయే విద్యా సంవత్సరానికి శాఖ లక్ష్యాలను, వాటి పురోగతిని కొలిచే సూచికలను ఒక పట్టికలో నింపి పంపమన్నారు. లక్ష్యం, సూచిక, ప్రస్తుత స్థితి, చేరవలసిన స్థితి, బాధ్యులు అని అందులో ఐదు గడులున్నాయి. కింద ఐదు వరుసలున్నాయి.

నమూనా కోసం పాత ఫైలు తీశాను. గడచిన మూడేళ్ల పట్టికల్లో పైన వేసిన సంవత్సరం తప్ప ఒక్క అక్షరం మారలేదు. ‘పరిశోధనా నాణ్యతను పెంపొందించుట’, ‘విద్యార్థుల ఉపాధి అవకాశాలను మెరుగుపరచుట’ వంటివే లక్ష్యాలు. ప్రస్తుత స్థితి దగ్గర మూడేళ్లూ ‘పురోగతిలో ఉన్నది’ అనే ఉంది. మొదటి ఏడాది ఒక వరుసలో ‘పురోగతి’ కాస్తా ‘పురోతి’ అని టైపయింది, ఆ తర్వాతి రెండేళ్లూ ఆ తప్పు చెక్కుచెదరకుండా అలాగే వచ్చింది. రాసినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మంజూరైన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీగా ఉండి, పాఠాలు చాలావరకు కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకుల మీద నడిచే చోట ఇలాంటి కాగితాలకు ఎవరికి తీరిక ఉంటుంది?

అయినా ఈసారి కొంత నిజాయతీగా రాయాలని ఉంది. మాకు చెప్పుకోదగ్గ అంకె ఒకటుంది: పోయిన బ్యాచ్‌లో చివరి సెమిస్టరు పరీక్షలు 30 మంది రాస్తే 27 మంది పీజీ పూర్తిచేశారు, అంటే 90 శాతం ఉత్తీర్ణత. దీన్ని 95కు పెంచుతామని రాస్తే సరిపోతుందా, లేక ఇంకేదైనా కొలవాలా? ఖాళీల భర్తీ లాంటివి మా చేతిలో లేవు కదా, వాటిని పట్టికలో ఎలా చూపించాలి? ఇలాంటి పని చేసినవారు దయచేసి చెప్పగలరు.

పరీక్షల విభాగం సూపరింటెండెంటు:

నమస్తే సార్. నేను వేరే విశ్వవిద్యాలయంలో, పరీక్షల విభాగంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మీ 90 శాతం తప్పని అనను గానీ, అది పరీక్ష రాసినవారిలో లెక్క. మీ శాఖలో సీట్లెన్ని, చేరినవారెందరు అన్నవి మీరు చెప్పలేదు. విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల లెక్కలో ‘విశ్వవిద్యాలయ పరీక్షలు’ అనే అంశం కింద, నిర్ణీత కాలంలో కోర్సు పూర్తిచేసినవారిని మంజూరైన సీట్లతో పోల్చి, మూడేళ్ల సగటు తీస్తారు. ఆ పద్ధతిలో మీ అంకె ఎక్కడికి దిగుతుందో ముందు చూసుకోండి. లక్ష్యం రాయడానికి కూర్చున్నప్పుడు పై అంకె కన్నా కింద ఏ అంకెతో భాగిస్తున్నామన్నదే ముఖ్యమని నా అనుభవం.

ఇక ఏం కొలవాలన్న విషయం. విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ వారు విశ్వవిద్యాలయాలను అడిగేవాటిలో, చివరి పరీక్ష రోజు నుంచి ఫలితాలు వెలువడే రోజు వరకు సగటున ఎన్ని రోజులు పడుతోందన్నది ఒకటి. ఐదేళ్ల లెక్క ఇవ్వాలి. ఫలితం ఆలస్యమైతే అందరూ మా విభాగం వైపే వేలు చూపిస్తారు. జవాబు పత్రాల కట్టలు రావడం, కోడింగ్ (హాల్‌టికెట్ నంబరు కనబడకుండా రహస్య సంఖ్య వేయడం), స్పాట్ వాల్యుయేషన్ (ఒకేచోట పత్రాలు దిద్దించడం), డీకోడింగ్, మార్కుల నమోదు, ఇలా దేని తేదీ దానికి రాసి పెడితే ఆలస్యం ఎక్కడుందో తెలుస్తుంది. నేను ఒక సెమిస్టరులో నా కోసమే ఒక నోటుపుస్తకంలో అలా రాసుకున్నాను. స్పాట్ వాల్యుయేషన్ అనుకున్న గడువులోనే అయింది. ఆగింది ఇంటర్నల్ మార్కుల దగ్గర: రెండు శాఖల నుంచి కవర్లు రాలేదు, ఒక శాఖ నుంచి వచ్చిన కవరులో ఒక పేపరు మార్కుల షీటు లేదు. ఆ ఒక్క షీటు కోసం మొత్తం ఫలితాన్ని ఆపవలసి వచ్చింది. మెమోలు చేతికి రాక నోటిఫికేషన్లకు దరఖాస్తు చేయలేకపోయిన పిల్లలు మా కౌంటరు దగ్గర నిలబడి అడుగుతుంటే చెప్పడానికి మాటలుండవు.

కాబట్టి మీ పట్టికలో ‘చివరి తరగతి జరిగిన ఇన్ని రోజుల్లో ఇంటర్నల్ మార్కులు పరీక్షల విభాగానికి చేర్చడం’ అని ఒక వరుస రాయండి. అది పూర్తిగా మీ శాఖ చేతిలో ఉన్న పని. పైగా వచ్చిన కాగితాలను నమోదుచేసే మా ఇన్‌వార్డు రిజిస్టరులో తేదీ పడుతుంది కనుక ‘పురోగతిలో ఉన్నది’ అని రాయడానికి వీలుండదు. ఏ లక్ష్యం పెట్టుకున్నా, దాని అంకె ఏ రిజిస్టరులో, ఎవరి చేత్తో, ఏ రోజు పడుతుందో ముందే చూసుకోండి సార్. అలాంటి రిజిస్టరు లేని లక్ష్యాన్ని మార్చి నెలలో ఊహించి నింపవలసి వస్తుంది.

విశ్రాంత ఆచార్యుడు:

సూపరింటెండెంటు గారి మాటలో సారముంది, కానీ దానికి ఒక హద్దు చెప్పాలి. రిజిస్టరులో పడేదే కొలుద్దామనుకుంటే, తేలిగ్గా లెక్కకు వచ్చేవే లక్ష్యాలై కూర్చుంటాయి. యూజీసీ 2010 నిబంధనల్లో అధ్యాపకుల పనిని అంకెల్లో లెక్కగట్టే ఏపీఐ మార్కులు వచ్చిన కొత్తలో నేను పదోన్నతుల కమిటీల్లో కూర్చున్నాను. వ్యాసానికి ఇన్ని మార్కులు, సదస్సుకు ఇన్ని మార్కులు అని తేలగానే, అప్పటిదాకా రెండేళ్లకొక మంచి వ్యాసం రాసేవారు కూడా ఏడాదికి నాలుగు రాయడం మొదలుపెట్టారు. డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలు ఎక్కడెక్కడి నుంచో పుట్టుకొచ్చాయి. వాటిని అరికట్టడానికి యూజీసీ 2019లో నమ్మదగిన పత్రికల పేర్లతో కేర్ జాబితా తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తివేసింది. ఏది మంచి పత్రికో తేల్చుకునే పని ఇప్పుడు విశ్వవిద్యాలయాల మీదనే పడింది. అందువల్ల ‘ఏడాదికి ఇన్ని వ్యాసాలు’ అన్న లక్ష్యం మాత్రం రాయవద్దని నా సలహా. శాఖ గ్రంథాలయంలో నెలకొకసారి ఒకరి రాతప్రతిని ముందు పెట్టుకుని, మిగతావారు తప్పులు పట్టే సమావేశం జరిగిందా లేదా అని రాసుకోండి. మా రోజుల్లో అది కొన్నాళ్లు నడిచింది. చాయ్‌కి ఎవరి డబ్బులన్న తగవుతో ఆగిపోయింది, అది వేరే కథ.

రెండో మాట, పోలికల గురించి. హాజరు శాతాన్ని సూచికగా పెట్టుకునేవారు పోయిన ఏడాది ఇదే నెలతో పోలుస్తారు. మన ప్రాంతంలో అది కుదరదు. మేడారం జాతర రెండేళ్లకొకసారి వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది, 2026లో జనవరి నెలాఖరుకే వచ్చింది. జాతర వారంలో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు పిల్లలు తరగతిలో ఉండరు, ఉండమనడమూ న్యాయం కాదు. 2025 ఫిబ్రవరిని 2024 ఫిబ్రవరితో పోల్చి హాజరు పెరిగిందని రాసుకుంటే, అందులో శాఖ చేసిన కృషి ఏమీ లేదు. నెలలను కాదు, జరిగిన తరగతులను లెక్కపెట్టండి.

ఖాళీల విషయం ‘లక్ష్యం’ గడిలో రాయకండి. ‘ప్రస్తుత స్థితి’లో మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని అని అంకెల్లో రాసి ఊరుకోండి. ఐదు వరుసలు ఇచ్చారని ఐదూ నింపనక్కర లేదు, రెండు చాలు.

హనుమకొండ అధ్యాపకుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు మధ్యాహ్నం బీరువాలోంచి ఆ బ్యాచ్ హాజరు పట్టీలు తీయించాను. సీట్లు 40, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ద్వారా చేరినవారు 34 మంది. అంటే నా 90 శాతం, చేరినవారి లెక్కన చూస్తే 79, సీట్ల లెక్కన చూస్తే 67.5. సూపరింటెండెంటు గారు అడగకపోతే ఈ భాగహారం నేను చేసేవాణ్ణి కాదు.

అంతకన్నా ఆలోచింపజేసింది మరొకటి. మధ్యలో చదువు మానేసిన నలుగురూ మొదటి సెమిస్టరులోనే మానేశారు. పట్టీలో ఆ నాలుగు పేర్ల ఎదుట కొన్ని వారాలు ‘హా’ అని ఉండి, తర్వాత ఎర్ర సిరాతో ‘గై’లు వరుసగా సాగి, చివరకు గీత కొట్టి ఉంది. కారణం ఎక్కడా రాయలేదు. మా అటెండరును అడిగితే, ఇద్దరు బీఈడీ సీటు వచ్చి వెళ్లారని, ఒకతను కానిస్టేబుల్ పరీక్షకు కోచింగ్‌లో చేరాడని, ఏటూరునాగారం నుంచి వచ్చిన అమ్మాయి హాస్టల్ గది దొరకక కొన్నాళ్లు బంధువుల ఇంట్లో ఉండి చివరకు ఊరికి వెళ్లిపోయిందని అన్నీ పేర్లతో సహా చెప్పాడు. మొదటి ముగ్గురినీ మేం ఆపలేకపోయేవాళ్లమేమో, నాలుగో అమ్మాయిని ఆపగలిగేవాళ్లం.

పరిశోధక విద్యార్థిని:

సార్, మీ చర్చలో మా సంగతి రాలేదు కనుక చెబుతున్నాను. పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరులో మేము పరిశోధన సలహా సంఘం ముందు పని వివరించి నివేదిక ఇవ్వాలి. కోర్సుకు కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ఆ సెమిస్టరు సమావేశమే మా పురోగతికి సహజమైన కొలత, కొత్తగా ఏదీ కనిపెట్టనక్కర లేదు.

అయితే నేను ఉన్నచోట ఏం జరిగిందో చూడండి. తనిఖీ బృందం వస్తోందని తెలిశాక, రెండు సెమిస్టర్ల నివేదికల మీద ఒకే సాయంత్రం, ఒకే పెన్నుతో సంతకాలు చేయించారు. పాత తేదీ వేయమని చెప్పినప్పుడు ఆ రోజు ఆదివారమని నేను గమనించి అంటే, ముందు రోజు వేయమన్నారు. కాగితం మీద రెండు సమావేశాలు జరిగినట్టే ఉంది, నా రెండో అధ్యాయం మాత్రం ఎవరూ చదవలేదు. అందుకే రిజిస్టరులో తేదీ పడితే చాలన్న మాట నాకు పూర్తిగా నమ్మకం కలిగించదు. ఆ తేదీని స్కాలరే స్వయంగా, సమావేశం జరిగిన రోజే రాసి, సంఘం ఏం మార్చమందో రెండు వాక్యాలు కింద చేర్చే వీలుండాలి. జరగని సమావేశానికి తేదీ వేయడం తేలిక, జరగని మాటలను రెండు వాక్యాల్లో కల్పించడం అంత తేలిక కాదు.

పరీక్షల విభాగం సూపరింటెండెంటు:

మేడమ్ చెప్పింది నిజం. ఇన్‌వార్డు రిజిస్టరుకు ఉన్న విలువ కూడా అదే: కవరు ఇచ్చేది ఒకరు, తేదీ వేసేది మరొకరు. పని చేసేవారూ లెక్క రాసేవారూ ఒకరే అయినచోట ఈ ఇబ్బంది తప్పదు.

హనుమకొండ అధ్యాపకుడు:

మేడమ్ సూచనను మా శాఖాధిపతికి చూపించాను, అభ్యంతరం లేదన్నారు. చివరకు మూడు వరుసలు రాశాను. చివరి తరగతి తర్వాత 10 రోజుల్లో ఇంటర్నల్ మార్కుల కవరు చేర్చడం మొదటిది. పరీక్షల విభాగం ఇన్‌వార్డు తేదీయే దానికి ఆధారం. మొదటి సెమిస్టరులో వరుసగా ఆరు తరగతులకు రాని ప్రతి విద్యార్థికీ ఆ వారంలోనే ఫోను చేసి, కారణం పట్టీలో రాయడం రెండోది. ఎందరికి చేశామన్నది అంకె, ఎందరు తిరిగి వచ్చారన్నది దాని పక్కన మరో అంకె. మూడోది స్కాలర్లు స్వయంగా నింపే సమావేశ పుస్తకం. ఉత్తీర్ణత శాతాన్ని లక్ష్యంగా పెట్టలేదు గానీ, ప్రస్తుత స్థితిలో 90, 79, 67.5 మూడూ రాశాను.

పట్టిక పంపిన గంటకే ఫోను వచ్చింది. ఖాళీ వరుసలుంటే ఆన్‌లైన్‌లో తీసుకోదట, మిగిలిన రెండూ నింపి పంపమన్నారు. విశ్రాంత ఆచార్యుల వారు నెలవారీ రాతప్రతి సమావేశం అన్నారు కదా, దాన్ని నాలుగో వరుసలో రాస్తాను. చాయ్ ఖర్చు నాది. ఐదోది ఇంకా దొరకలేదు.