నాన్నకు ఐరిష్ పల్లె చూపించాలి: బన్‌రాటీనా, స్లీవ్‌మోరా?

లిమరిక్_సిద్దిపేట:
వచ్చే నెల అమ్మానాన్న ఐర్లండ్‌కు, లిమరిక్‌లో నా దగ్గరికి వస్తున్నారు. "కోటలు, మ్యూజియాలు వద్దురా, ఇక్కడి పల్లెటూరు ఎట్లుంటదో చూపించు" అంటున్నడు నాన్న. ఆయన రైతు. మా రూమ్‌మేటేమో పక్కనే ఉన్న బన్‌రాటీ ఫోక్ పార్క్ (పాతకాలం ఇళ్లు నిలబెట్టి చూపించే చోటు) చాలంటాడు. నాకది సినిమా సెట్టింగులా అనిపిస్తుంది. మేయో కౌంటీ అకిల్ దీవిలో జనం వదిలేసిన స్లీవ్‌మోర్ ఊరే అసలైన పల్లె అని నా వాదన. మీరేమంటారు?

గాల్వే_గోదారి:
స్లీవ్‌మోరే, రెండో మాట లేదు. కొండవాలు మీద మైలు పొడవునా ఎనభై నుంచి వంద దాకా మొండిగోడల ఇళ్లు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. చాలావాటిలో ఒకటే గది, ఒక కొసన మనుషులు, ఇంకో కొసన పశువులు. చుట్టూ ఆలుగడ్డలు వేసిన బోదెలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పొద్దు వాలేటప్పుడు నీడలు పడితే ఒక్కో బోదె విడిగా తెలుస్తుంది. 1845లో ఆ ఆలుగడ్డకు తెగులు వచ్చింది. 1852 దాకా సాగిన ఆ కరువులో దేశం మొత్తం మీద దాదాపు పది లక్షల మంది పోయారు, ఇంచుమించు అంతే మంది దేశం వదిలి ఓడలెక్కారు. బన్‌రాటీలో ఇదేం కనబడదు. టికెట్ కొనుక్కుని, స్కోన్ తిని, ఫోటో దిగి రావడమే.

షానన్_పిన్ని:
కనబడదన్నావంటే నువ్వు అక్కడి కూలీ గుడిసెలోకి వెళ్లలేదన్నమాట బాబూ. సెంటు భూమి లేనివాడి ఒంటిగది ఇల్లు అది. అదే పార్కులో 1804లో కట్టిన దొరగారి బంగళా కూడా ఉంది. రెండూ ఒకే పూటలో చూసినవాళ్లకు కరువు ఎవరి మీద పడిందో వేరే చెప్పాలా? అక్కడే ఉన్న లూప్ హెడ్ (సముద్రపు ఒడ్డు ప్రాంతం) ఇంటి కప్పు చూడు, అట్లాంటిక్ గాలికి గడ్డి ఎగిరిపోకుండా తాళ్లతో బిగించి కట్టారు.

ఇక సెట్టింగు అన్న మాటకు వస్తే, అక్కడి మొదటి ఇల్లు షానన్ ఎయిర్‌పోర్టు రన్‌వే కోసం పోవాల్సింది. ఊడదీసి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. సాగర్ నీళ్లలో మునిగిపోయేవాటిని తెచ్చి నాగార్జునకొండ దీవి మీద పెట్టలేదా మనవాళ్లు? దాన్ని సెట్టింగు అంటామా?

డబ్లిన్_తమ్ముడు:
అసలు ఆకలితో పోయినవాళ్ల ఇళ్ల మధ్య సెల్ఫీలేంటి బ్రో? అడేర్ తీసుకెళ్లు. లిమరిక్ నుంచి అరగంట. పూరిళ్లు ఉంటాయి, కాఫీ దొరుకుతుంది, అమ్మకు టెన్షన్ ఉండదు.

గాల్వే_గోదారి:
అడేర్ ముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ అది డన్‌రేవెన్ ప్రభువు 19వ శతాబ్దంలో తన ఎస్టేట్ పక్కన కట్టించిన ఊరు. ఆ పూరిళ్లు జమీందారు ముచ్చట. పైగా మెయిన్ రోడ్డు ఊరి మధ్య నుంచే, లారీల మోత. రైతుకు చూపించాల్సిన ఊరా అది?

సెల్ఫీల సంగతి: స్లీవ్‌మోర్‌లో అందరూ ఆకలితో పోలేదు. కొందరు కింద సముద్రం పక్కనున్న డూఆ అనే ఊరికి మారారు, చేపలైనా దొరుకుతాయని. ఆ తర్వాత కూడా ఎండాకాలంలో పశువుల్ని మేపుకోవడానికి ఇవే ఇళ్లకు ఎక్కి వచ్చేవారు, 20వ శతాబ్దం దాకా. పక్కనున్న శ్మశానంలో ఫోన్ జేబులో పెట్టుకుంటే చాలు.

షానన్_పిన్ని:
ఇదంతా నువ్వు చదువుకుని వెళ్లావు కాబట్టి తెలిసింది. అక్కడ పలకరించి చెప్పేవాళ్లెవరూ ఉండరు. వానొస్తే నిలబడ్డానికి నీడ కూడా లేదు. కప్పు, పొయ్యి ఉన్న ఇల్లు ఒకటి ముందు చూస్తే, ఆ మొండిగోడల మధ్య ఏది ఎక్కడుండేదో మీ నాన్నకు తెలుస్తుంది. లేకపోతే రాళ్లగుట్ట చూపించడానికి మూడు గంటల పైన కారులో కూర్చోబెట్టావంటాడు.

లిమరిక్_సిద్దిపేట:
నాన్నకు ఫోన్లో రెండూ చెప్పిన. ఒక్కటే అడిగిండు: "ఆలుగడ్డ పోతే ఇంకో పంటే లేదా వాళ్లకు?"

గాల్వే_గోదారి:
ఉంది. ఓట్స్ పండేవి, పశువులుండేవి, వెన్న తీసేవారు. అవన్నీ అమ్మి కౌలు కట్టాలి. పేదవాడు తినడానికి మిగిలింది ఆలుగడ్డ ఒక్కటే. కరువు ఏళ్లలో కూడా ఇక్కడి ధాన్యం, పశువులు ఓడల్లో ఇంగ్లండుకు వెళ్తూనే ఉన్నాయి. ఈ ప్రశ్న అడిగిన మనిషిని ఆ బోదెల దగ్గర నిలబెట్టాలి భయ్యా.

షానన్_పిన్ని:
నిలబెట్టండి, కానీ బన్‌రాటీ చూశాకే. రాత్రికి అకిల్ వైపున్న వెస్ట్‌పోర్ట్ ఊళ్లో గది తీసుకో నాయనా, ఒక్క రోజులో పోయి రావాలని చూడకు. అమ్మకు మంచి బూట్లు కొను, ఆ గడ్డి కింద ఎప్పుడూ తడే.